సన్మాన పత్రం, కొట్టేసిన మాటలతో సహా

బెళుగుప్ప,
జూలై 4, 2025.

సారాకు మీ వదిన ఎలిజబెత్ వందనాలు.

ఫోన్ చేస్తే అయిపోయే మాటకు కంప్యూటర్‌లో ఉత్తరం టైపు చేయడం ఏమిటని నవ్వుకుంటావని తెలుసు. మా ఇంట్లో ఫోన్లు మావి కావు తల్లీ. మండలంలో ఎవరి మోటారు ఆగినా ముందు మీ అన్న నంబరుకు చేస్తారు, అది కలవకపోతే నా నంబరుకు చేస్తారు. అందుకని రెండు ఫోన్లూ మీ అన్న జేబులోనే ఉంటాయి. ఆయనకు తెలియకుండా నీతో మాట్లాడాలంటే నాకు మా మహిళా సమాఖ్య ఆఫీసు కంప్యూటరే గతి. ఈ ఫైలును మీ బడి మెయిలుకు పంపుతున్నా.

ఈ నెల 31న మీ అన్న లైన్‌మన్ ఉద్యోగం అయిపోతుంది. పోయిన వారం టీ అంగట్లో ఎవరో, లైన్‌మన్ యేసన్న వెనకే ఉన్నాడని చూసుకోకుండా, "నెలాఖరుకు పీడ పోతాండాది లేప్పా" అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, అన్నం తిని పడుకున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో మాట లేదు, పలుకు లేదు. ఇట్లాగే ఉంటే 108కి ఫోన్ చేస్తానని బెదిరించా. ఎప్పుడూ నా మాటలకు నవ్వే మనిషి, ఈసారి నవ్వలేదు.

ఈ ఊళ్ళో కొండల మీద చుట్టూ గాలిమరలు గిరగిరా తిరుగుతుంటాయి, కింద చేలో మోటారుకు మాత్రం కరెంటు ఉండదు. జనానికి కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపం పోసుకోవడానికి వాళ్ళకు దొరికిందల్లా మీ అన్న తల ఒక్కటే. ఉద్యోగం పొడుగునా తిట్లు తిని, ఆఖరికి ఆ పీడ అన్న మాట ఒక్కటి మూటకట్టుకుని ఇంటికి వస్తే నేను భరించలేను. నలుగురి మధ్య నిలబెట్టి ఒక్క మంచిమాట ఆయన చెవిన పడేట్టు చేయాలి.

కొత్తగా వచ్చిన ఇంజనీరు విజయభాస్కర్ సబ్‌స్టేషన్ ఆవరణలో సభ పెడతానన్నాడు. సభ అన్నాక సన్మాన పత్రం చదివి ఇవ్వాలి కదా. నాకు తెలిసింది నాకు తెలిసినట్టు రాసి దీనికి జోడించా. నీవు తెలుగు బీఏ చదివినదానివి, దిద్ది పంపు. మీ అన్నకు మాత్రం ఉప్పందించొద్దు.

నీ వదిన,
ఎలిజబెత్.


చిలమత్తూరు,
జూలై 7, 2025.

వదినకు వందనాలు, ఆ వెంటనే తిట్లు.

నీ ఉత్తరం తెరిస్తే పేజీ నిండా డబ్బాలు. అగ్గిపెట్టెలు వరసగా పేర్చినట్టు ఖాళీ డబ్బాలు, తెలుగు అక్షరం ఒక్కటి లేదు. పైన తేదీ పోను, వాటి మధ్య చదవడానికి వచ్చినవి రెండే రెండు అంకెలు. ఒకటి 31, ఇంకొకటి 108. లైన్‌మన్ చెల్లెలికి ఆ రెండూ చాలవా వదినా? ముప్పై ఒకటో స్తంభం మీద నుంచి అన్న పడ్డాడు, అంబులెన్సు వచ్చింది, మాట్లాడలేక వదిన ఉత్తరం రాసింది అనుకున్నా. స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడ్చేశా. ఏడుస్తూనే నీ నంబరుకు ఫోన్ చేస్తే అన్నే ఎత్తాడు.

"ఏమి సారా, మీకు గూడా కరెంటు పోయిందా? మీ లైను నాది కాదు గదమ్మా" అన్నాడు.

బాగున్నావా అన్నా అని అడిగితే "ఉండా" అని పెట్టేశాడు. ఆ ఒక్క మాట విన్నాక ఇంకో గంట ఏడ్చా, ఈసారి సంతోషంతో.

మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రవీణ్ సార్ వచ్చి సంగతి చెప్పాడు. మీ ఆఫీసులో ఉండేది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అట, మాది దుడ్లు కట్టి కొన్నది. నీవు వాడిన ఫాంటు మా దాంట్లో లేదు. ఆయన వేరే ఫాంటు పెట్టగానే డబ్బాల్లోంచి అక్షరాలు బయటికొచ్చాయి. అప్పుడు చదివా నీ బాధ. అన్నను పీడ అన్నవాడి ఇంట్లో వారం రోజులు ఫ్యూజు పోవాలి. ప్రార్థనలో ఇట్లాంటివి అడగకూడదు, అయినా అడిగా.

పత్రం సంగతి. నీవు రాసింది బాగుంది గానీ సన్మాన పత్రం అట్లా ఉండదు వదినా. "స్తంభాలెక్కి కాళ్ళు బొబ్బలు పోయినవి" అని ఎవరైనా రాస్తారా? "పాదపద్మములు కందినను" అని మార్చా. మొదట్లో "అజాతశత్రువు, అంధకార సంహారకుడు, విద్యుత్ శాఖా మణిదీపం" అని మూడు బిరుదులు పెట్టా. రాసి చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది. నీకెట్లుందో దాపరికం లేకుండా చెప్పు.

నీ ఆడబిడ్డ,
సారా.


బెళుగుప్ప,
జూలై 11, 2025.

సారమ్మకు,

దాపరికం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. నాకు కష్టమనిపించింది.

మార్చానని మర్యాదగా రాశావు గానీ ఫైలు తెరిస్తే నేను రాసిన ప్రతి వాక్యం మీదా ఎర్రగీత. పక్కన నీ పేరు, తేదీ, గీత కొట్టిన గంటా నిమిషమూ. నేను పదో తరగతి తప్పినప్పుడు కూడా నా పేపరు మీద అంత ఎరుపు లేదు. ఆఫీసులో అంజనమ్మ నా భుజం మీదుగా చూసి, "ఎవురు నిన్ను ఇంతగనం దిద్దినోళ్ళు" అని అడిగింది. మా ఆడబిడ్డ అని చెప్పుకోవడానికి నామోషీ అయింది.

సరే, నీవు గీతలు కొట్టావు, నేనూ ఊరుకోలేదు. పత్రం అంచున పక్కమాటలు రాసే వీలుందని అంజనమ్మే చూపించింది. నీ బిరుదు ఒక్కొక్కదానికీ నా పక్కమాట రాసి పెట్టా. అందులో ముఖ్యమైనది ఇక్కడ కూడా చెబుతా. అజాతశత్రువు అన్న మాట వద్దు. ఎర్రన్న చేలో తీగ మీద కొక్కెం వేసి దొంగ కరెంటు లాగుతుంటే మీ అన్న పీకేశాడు. అప్పటి నుంచి ఎర్రన్న ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాడు. ఆయన పెద్ద రైతు, సభలో ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన ఎదురుగా అజాతశత్రువు అని చదివితే మీ అన్న తల ఎత్తుకోగలడా? ఉన్న నవ్వులపాటు చాలదా?

చదివి జవాబు చెప్పు. నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

ఎలిజబెత్.


చిలమత్తూరు,
జూలై 16, 2025.

కోపం కొంచెమే ఉన్న వదినకు,

ఏ ఎర్రగీతలు? ఏ పక్కమాటలు? నీ ఉత్తరం చదివి పత్రం తెరిస్తే నాకు కడిగిన ముత్యంలా శుభ్రంగా ఉంది. నేను చేసిన మార్పులన్నీ ఉన్నాయి, గీత ఒక్కటి లేదు. వదినకు నా రాత నచ్చలేదు, ఆ మాట నేరుగా చెప్పలేక గీతలంటూ కథ అల్లింది అనుకున్నా. రెండు రోజులు నేనూ అలిగాను, నీకు తెలియనే లేదు.

ఉండబట్టలేక ప్రవీణ్ సార్‌ను అడిగితే ఆయన పైన ఎక్కడో ఒక మీట నొక్కాడు. అంతే, పేజీ అంతా ఎర్రబారింది. మా సాఫ్ట్‌వేర్ కొట్టేసినవాటిని దాచి చూపిస్తుందట, మీది అన్నీ బయట పెట్టుకుని కూర్చుంటుందట. నీకు అట్లా కనబడుతుందని తెలిసి ఉంటే అన్ని గీతలు కొట్టేదాన్నా? మన్నించు.

ఇక నీ పక్కమాటలు చదివి పొట్ట పట్టుకుని నవ్వా. ప్రతిదాని కిందా నా జవాబు రాశా. నీవు ఒకటంటే నేను రెండన్నా. వాదులాడుతూ వాదులాడుతూ అన్న గురించి నేను ఎవరికీ చెప్పని మాట కూడా ఒకటి రాసేశా. రాసేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అదంతా మన ఇద్దరి మధ్య సరదా, కలిసినప్పుడు నోటితో చెబుతాలే. ఇప్పుడు ఆ మీట మళ్ళీ నొక్కి అన్నీ మాయం చేశా. శుభ్రమైన పత్రం జోడించాను. దీన్ని మీ కంప్యూటర్‌లో తెరవకు, నీకు దండం పెడతా. తెరిస్తే మళ్ళీ ఏ డబ్బాలు వస్తాయో, ఏ గీతలు లేస్తాయో. నేరుగా తీసుకుపోయి అచ్చు వేయించి ఫ్రేము కట్టించు.

31న మా బడికి తనిఖీ ఉంది. సభకు రాలేను. మా అన్న శాలువా కప్పుకుని నిలబడితే చూడలేనందుకు ప్రాణం ఉసూరుమంటోంది. జరిగింది జరిగినట్టు రాయి.

సారా.


బెళుగుప్ప,
జూలై 26, 2025.

సారాకు వందనాలు.

నీవు చెప్పినట్టే ఫైలు తెరవలేదు. తాళం వేసిన పెట్టెను మోసుకుపోయినట్టు పెన్‌డ్రైవ్ మోసుకుని రాప్తాడు పోయా. అక్కడ హైవే పక్కన కుళ్ళాయప్ప అని, పెండ్లి పత్రికలూ ఫ్లెక్సీలూ చేస్తాడు, ఫ్రేములూ కడతాడు. ఆయన దగ్గర ఇంకో రకం సాఫ్ట్‌వేర్ ఉంది. మన ఫైలు అందులోకి ఎక్కించి, "మ్యాటరు శానా ఉండాదేమ్మా, సన్మాన పత్రానికి ఇంత యాడైనా పెడతారా? కొంచెం తగ్గిస్తామా?" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. "మా ఆడబిడ్డ తెలుగు బీఏ. అచ్చరం గూడా తగ్గించొద్దు" అన్నా. అక్షరాలు సన్నవి చేసి, ఫ్రేము పెద్దది చేసి, చుట్టూ పూలతీగ వేసి, పాత పేపర్లలో చుట్టి తాడు కట్టి ఇచ్చాడు. సభలోనే విప్పాలని దాన్ని బీరువా వెనక పెట్టా.

సభ సంగతి మీ అన్నకు చెప్పక తప్పలేదు. ఆ సాయంత్రం లైను మీద పని ఉందన్నాడు. ఆఖరి రోజున ఎవరైనా పని పెట్టుకుంటారా అని నిలదీస్తే అప్పుడు నోరు తెరిచాడు. "ఆడ అన్నీ అబద్దాలు సదువుతారు. అవి అబద్దాలని నాకు తెలుసు, ఇనేటోళ్ళకు తెలుసు. నేను తల వంచుకుని నిలబడాల్నా?" అన్నాడు.

ఇన్ని రోజుల మీద ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. నాకోసం రమ్మని బతిమాలుకున్నా. సరేనన్నాడు గానీ ముఖం చూస్తే కోర్టుకు పోయేవాడి ముఖంలా ఉంది. నీ బిరుదులు తలుచుకుంటే నాకు భయమేస్తోంది. ప్రార్థన చేసుకో.

ఎలిజబెత్.


బెళుగుప్ప,
ఆగస్టు 1, 2025.

సారా,

కూర్చుని చదువు. పక్కన నీళ్ళు పెట్టుకో.

సబ్‌స్టేషన్ ముందు షామియానా నిండా జనం వచ్చారు. మంచికి వచ్చారో తమాషాకు వచ్చారో తెలియలేదు. ఎర్రన్న ముందు వరసలోనే కూర్చున్నాడు. మీ అన్న స్టేజీ మీద ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. విజయభాస్కర్ పత్రం విప్పి చదవడం మొదలుపెట్టాడు. ఆ పిల్లాడికి గొంతు పెద్దది, ఊరు కొత్త. ముందుగా ఒకసారి చదువుకోవాలన్న ఆలోచన లేదు.

"అజాతశత్రువు. ఇది అబద్ధం సారా, ఎర్రన్న ముందు వరసలో ఉంటాడు. కొక్కెం పీకిన కోపం ఎర్రన్నకు ఉంటుంది గానీ మా అన్నకెందుకు ఉంటుంది వదినా? ముందు వరసలో ఉంటే ఇంకా మంచిది, బాగా విననీ" అని మైకులో గణగణమని చదివేశాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ మాట, నా మాట, ఉంచింది, కొట్టేసింది, అన్నీ ఒకే అక్షరాల్లో ఒకే వరసలో పోసి అచ్చు వేశాడు కుళ్ళాయప్ప. అక్షరం తగ్గించొద్దన్నది నేనే కదా. జనం నవ్వేసరికి విజయభాస్కర్, ఇదేదో కొత్త రకం పత్రం అనుకుని ఇంకా ఉత్సాహంగా అందుకున్నాడు. "కాళ్ళు బొబ్బలు పోయినవి పాదపద్మములు కందినను పద్మాలు ఎక్కడివి సారా, ఆ మడమ పగుళ్ళలో అగ్గిపుల్ల దూరుతుంది, ఆముదం రాసేది నేను" అని చదివితే ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత అంధకార సంహారకుడు దగ్గరికి వచ్చాడు. దాని వెంట నీవు నాకు రాసిన మాట ఉంది. "వదినా, ఈ బిరుదు తీయొద్దు. చిన్నప్పుడు అన్నకు చీకటంటే ప్రాణభయం. పొద్దుగూకితే బయటికి పోవడానికి నా చెయ్యి పట్టుకునేవాడు, నా కంటే అంత పెద్దవాడు. అందుకే ఎవరింట్లో చీకటి ఉన్నా మా అన్న నిలవలేడు, పరిగెత్తుతాడు. ఇది ఎవరికీ తెలియదు, నీవు చదివి తీసేయి."

విజయభాస్కర్ "తీసేయి" కూడా చదివాడు. చదివాక తెలిసింది ఆ పిల్లాడికి, మైకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. షామియానాలో నవ్వు మొత్తం ఆగిపోయింది. మీ అన్న నేలకేసి చూస్తున్నాడు.

అప్పుడు ఎర్రన్న లేచాడు. ఇంక గొడవే అనుకున్నా.

"దాంట్లో ఉండేది నిజమే. నా కొక్కెం పీకినాడు. నాకు కోపమే, ఈపొద్దుకూ కోపమే" అన్నాడు. "అయితే ఒగ మాట. నాదొక్కటే పీకల్యా. ఆ పక్క చేను ఎవరిదనుకున్నారు, ఈయన సొంత బావమరిదిది. నా కంటే ముందు దాన్ని పీకినాడు. అట్లాటోడు మనకు మళ్ళా రాడప్పా."

నిజమే సారా. మా తమ్ముడు ఆ దెబ్బకు ఏడాది పాటు మా గడప తొక్కలేదు. నేను అప్పుడు మీ అన్నతో ఎంత పోట్లాడానో నాకే గుర్తుకొచ్చింది. ఆ తర్వాత వీరప్ప లేచాడు, గాలివానకు వాళ్ళ వీధి స్తంభం ఒరిగిపోతే మీ అన్న ఎట్లా నిలబెట్టాడో చెప్పాడు. వెంకటలక్ష్మమ్మ లేచి, కరెంటు లేదని తానే ఒకసారి శాపనార్థాలు పెట్టానని, అవి వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఒకరు కూర్చుంటే ఒకరు లేచారు, టీలు చల్లారిపోయాయి.

మీ అన్న మాత్రం ఫ్రేము చంకలో పెట్టుకుని, నాకోసం కూడా ఆగకుండా ఇంటికి నడిచి వచ్చేశాడు. సారా రాసిన మాటకు కోపమొచ్చిందా అని అడిగితే లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నేను కోరుకున్న మంచిమాట ఆయన చెవిన పడింది గానీ, దాని వెంట ఏమి పడిందో నాకు తెలియడం లేదు.

ఎలిజబెత్.


చిలమత్తూరు,
ఆగస్టు 4, 2025.

వదినా,

వందనాలు చెప్పడానికి కూడా ముఖం లేదు.

ప్రవీణ్ సార్ తల పట్టుకున్నాడు. నేను నొక్కిన మీట గీతలను దాచుతుందే గానీ తీసేయదట. వాటన్నిటినీ ఒప్పుకుని, పక్కమాటలను చెరిపి, అప్పుడు పంపాలట. కుళ్ళాయప్ప సాఫ్ట్‌వేర్‌కు ఆ గుర్తుల భాష తెలియక అన్నిటినీ మామూలు మాటలే అనుకుంది. అది నాకు ఎవరు చెప్పారు? చెప్పలేదు సరే, నేను అడగొద్దా? బీఏ చదివి ఏం లాభం?

ఊరంతా అన్నను ఎన్ని మాటలన్నా, ఆ ఒక్క మాట ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కదాన్ని నేనే మైకు పెట్టి చెప్పించా. అన్న నంబరుకు రోజూ చేస్తున్నా, ఎత్తడం లేదు. కరెంటు పోయిందని ఎవరు చేసినా మొదటి మోతకే ఎత్తే మనిషి నా ఫోన్ ఎత్తడం లేదు. నీ నంబరుకు చేసే ధైర్యం లేదు, అదీ ఆయన జేబులోనే ఉంటుంది కదా.

కొత్త పత్రం చేశా. ప్రవీణ్ సార్ దగ్గరుండి అన్నీ చెరిపించాడు. ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఒకేలా కనబడే రకం ఫైలుగా మార్చాడు. జోడించాను. ఆ పాత ఫ్రేములోది తీసి పొయ్యిలో పెట్టి, దీన్ని కట్టించు. ఎర్రన్న మాటల గురించి సంతోషించాలని ఉంది గానీ చేతకావడం లేదు. అన్న నాతో మళ్ళీ మాట్లాడతాడా వదినా? అది ఒక్కటి చెప్పు.

సారా.


బెళుగుప్ప,
ఆగస్టు 8, 2025.

సారాకు మీ వదిన వందనాలు.

మొదట నీ ఫోన్ సంగతి. ఆ నంబరు డిపార్టుమెంటుది. రిటైరైన రోజే మీ అన్న అప్పజెప్పేశాడు, ఇప్పుడు కొత్త లైన్‌మన్ దగ్గర ఉంది. ఆ అబ్బాయి ఎవరు చేసినా ఎత్తడట. నీకు ఒక్కదానికే కాదు, మండలానికంతా అదే ఏడుపు. జనం నేరుగా మా ఇంటికే వచ్చి గేటు దగ్గర నిలబడి, నీవున్నప్పుడే నయం అన్నా అంటున్నారు.

పక్కమాట, యేసన్న: అట్లన్నోళ్ళలో టీ అంగట్లో పీడ అన్నోడు గూడా ఉండాడు.

అదిగో, చూశావా? ఇంట్లో ఊరకే కూర్చోలేక మీ అన్న నా వెంట ఆఫీసుకు వస్తున్నాడు. ఈ ఉత్తరం టైపు చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కమాట ఎట్లా రాయాలో అంజనమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. ఈసారి దేన్నీ దాచకుండా అన్నీ ఉంచి పంపుతున్నా.

మూడు రోజులు ఆ ఫ్రేము లోపలి గదిలోనే ఉంది. నాలుగో రోజు మీ అన్న సుత్తి, మేకు తీసుకుని దాన్ని ముందు గదిలో తగిలించాడు. అప్పుడే నీ కొత్త పత్రం వచ్చింది. చాలా బాగుంది, తప్పు ఒక్కటి లేదు. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి మొత్తం చదివి వినిపించా. మర్యాదగా విన్నాడు. విని, "బాగుండాది గానీ, ఈ మణిదీపం ఎవురో నాకు తెల్దు. గోడ మీద ఉండేటోడు నేనే. వాడ్ని తియ్యొద్దు" అన్నాడు.

పక్కమాట, యేసన్న: అగ్గిపుల్ల దూరదు. మీ వదిన అబద్దం.

పాత ఫ్రేమే ఉంది సారా. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి చదువుకుని నవ్వుతున్నారు. మీ అన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చా. ఇన్ని రోజులు నేను అడిగింది అదొక్కటే కదా.

నీవు అడిగినదానికి జవాబు నేను రాయబోతే, నీవు జరుగు, నేను రాస్తా అంటున్నాడు. జరుగుతున్నా.

పక్కమాట, యేసన్న: సారా. చెయ్యి పట్టుకున్నది నీకు గుర్తుండాదని నాకు తెల్దు. నీవు చిన్నదానివి, మర్చిపోయింటావు అనుకున్నా. ఆపొద్దు అంతమందిలో ఆ మాట ఇన్నప్పుడు నాకు సిగ్గు కాలేదు, ఏడుపొచ్చింది. ఆడ ఏడిస్తే బాగుండదని ఇంటికొచ్చేసినా. కోపం యాడిది. ఆదివారం చిలమత్తూరుకు వస్తాండా. బస్సు వచ్చేసరికి పొద్దుగూకుతాది. బస్టాండుకు రా.